రింగులో ఏమీ పడకూడదు

ముప్పై అయిదేళ్ళకే రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. కానీ నేను చేసిన పని నుంచి నిజంగానే రిటైరయ్యాను. పదేళ్ళపాటు పొలాల్లో మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి వదిలే వాయువుల్ని సిరంజీల్లోకి పట్టాను. కిందటేడు ఎముకల డాక్టరు నా కుడి మోకాలి ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "మీ వయసు ఇంకోసారి చెప్పండి" అన్నాడు. ఇప్పుడు బెంగళూరు హూడిలో ఒక కంపెనీలో కుర్చీలో కూర్చుని, పొలాల్లోని సెన్సార్లు పంపే అంకెలు చూస్తున్నాను. కుర్చీ బాగుంది. ఆ అంకె వచ్చిన చోట ఏం జరుగుతోందో మాత్రం కుర్చీలోంచి కనిపించదు.

నా స్థానంలో చేరిన ఇద్దరు కొత్తవాళ్ళు ఈమధ్య ఫోన్ చేసి, "సార్, ఈ పనిలో ముఖ్యంగా ఏం తెలుసుకోవాలి?" అని అడిగారు. లిస్టు రాసి పంపుతానన్నాను. లిస్టులు రాయడం నా జబ్బు. కూర్చుంటే పదిహేడు అంశాలు వచ్చాయి. మళ్ళీ చదువుకుంటే పదహారు ప్రోటోకాల్ పుస్తకంలో ఉన్నవే. పదిహేడోది ఒక్క వాక్యంలో ఇమడలేదు. దానికోసమే ఇదంతా.

పని ఏమిటంటే

చేలో చల్లిన యూరియా అంతా పైరుకు అందదు. కొంత నీళ్ళతో కిందికి దిగిపోతుంది. కొంత మట్టిలోని సూక్ష్మజీవుల పాలవుతుంది. అవి దాన్ని వాడుకునే క్రమంలో కొంత భాగం నైట్రస్ ఆక్సైడ్‌గా మారి గాలిలో కలుస్తుంది. పళ్ళ డాక్టర్లు మత్తు కోసం వాడే నవ్వు వాయువు ఇదే. ఆకాశానికెక్కాక మాత్రం దాంతో నవ్వులాట లేదు. భూమిని వేడెక్కించడంలో, బరువుకు బరువు చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే వందల రెట్లు గట్టిది. బస్సు వదిలే పొగ అందరికీ కనిపిస్తుంది. రాగి చేను వదిలేది ఎవరికీ కనిపించదు, వాసన కూడా ఉండదు. దాన్ని కొలవడం నా ఉద్యోగం.

పద్ధతి చాలా మోటుగా ఉంటుంది. అడుగు వెడల్పున్న ఉక్కు రింగును సాళ్ళ మధ్య మట్టిలోకి దిగ్గొడతాం. పంట కోసేదాకా అది అక్కడే ఉంటుంది. కొలిచే రోజున దాని మీద గాలి చొరకుండా ఒక డబ్బా బోర్లిస్తాం. మేము దాన్ని చాంబరు అంటాం, ఊళ్ళో అందరూ గంగాళం అన్నారు. మట్టిలోంచి వచ్చే వాయువు ఆ డబ్బాలో చేరుతూ ఉంటుంది. మూత పెట్టిన క్షణాన, అంటే సున్నా నిమిషంలో ఒకసారి, పదో నిమిషంలో, ఇరవయ్యో నిమిషంలో, ముప్పయ్యో నిమిషంలో సిరంజీతో గాలి తీసి చిన్న సీసాల్లోకి ఎక్కిస్తాం. ల్యాబుకు తెచ్చి యంత్రంలో పెడితే వాయువు ఎంత వేగంగా పెరిగిందో తెలుస్తుంది. చేనుకు ఎనిమిది రింగులు, రింగుకు నాలుగు సీసాలు. మా ప్రాజెక్టులో మూడు రాగి చేలు ఉండేవి, మూడూ హొసకోట దాటాక కోలారు వైపు ఒకే ఊరిలో. పొద్దున్న అయిదింటికి కె.ఆర్.పురం స్టేషను దగ్గర జీపు ఎక్కితే, ఎండ ముదరకముందే చేలో ఉండేవాణ్ణి.

ఇంత మోటు పనిలో పదేళ్ళు ఎందుకున్నావని స్నేహితులు అడిగేవారు. వాళ్ళకు ఒకటే చెప్పేవాణ్ణి. ఎండాకాలమంతా మట్టి దాదాపు పలకదు. ఏప్రిల్‌లోనో మేలోనో మొదటి వాన పడిన మర్నాడు కొలిస్తే అంకె ఒక్కసారిగా లేస్తుంది. నెలల తరబడి ఎండిపోయి పడి ఉన్న సూక్ష్మజీవులు ఒక్క తడికి లేచి కూర్చుంటాయి. యంత్రం కాగితం మీద ఆ శిఖరాన్ని గీస్తుంటే మొదటిసారి చూసినప్పుడు, నేను గీతను కాదు, ఎవరో నిద్రలేచి ఒళ్ళు విరుచుకోవడాన్ని చూస్తున్నాననిపించింది. ఆ ఆశ్చర్యం పదేళ్ళలో తగ్గలేదు.

రంగప్ప వాచీ

నాకు పని నేర్పినవాడు రంగప్ప, మా ల్యాబులో అందరికంటే పాత టెక్నీషియను. నేను చేరిన ఏడాదికే రిటైరయ్యాడు. నా మొదటి నెల సీసాల్లో కార్బన్ డయాక్సైడ్ విపరీతంగా వచ్చింది. ఈ మట్టిలో ఏదో ప్రత్యేకత ఉందని నేను రెండు పేజీల నోట్ రాశాను. రంగప్ప ఆ నోట్ చదవలేదు. నాతో చేలోకి వచ్చి, నేను సిరంజీ గుచ్చేటప్పుడు పక్కన గొంతుకూర్చుని చూశాడు.

"ఏమప్పా ఇంజనీరూ, ఊపిరి బిగబట్టు."

"ఎందుకు?"

"మొగం తీసుకుపోయి డబ్బా మింద పెట్టి బుస్సుబుస్సున ఇడుస్తా ఉండావు. సిరంజీలోకి వచ్చేది మన్ను గాలి కాదు, నీ గాలి. నీ టిఫిను కూడా దాంట్లోనే ఉండాది."

ఇంకోసారి, కొలిచే మధ్యలో ఇంటినుంచి ఫోన్ వచ్చింది. ఇరవయ్యో నిమిషం సీసా ఇరవైమూడో నిమిషంలో తీసి, కాగితం మీద ఇరవై అనే రాశాను. రంగప్ప చూశాడు. "ఇరవైమూడు అని రాస్తే ఏమప్పా పోయేది? మన్నుకు గడియారం లేదు, ఎప్పుడు తీసినా దాని లెక్క అది చెప్తాది. నువ్వు ఇరవై అని రాస్తివంటే ఇంక అది ఏమి చెప్పినా అబద్ధమే" అన్నాడు. రిటైరైన రోజున తన వాచీ నాకిచ్చి, దీంట్లో ఫోన్ రాదన్నాడు.

ఈ రెండు పాఠాలతో నేను జాగ్రత్తగల మనిషినయ్యానని అనుకున్నాను. జాగ్రత్త ఎక్కువై చేసిన తప్పు ఆ తరవాతది.

పలకని చేను

మూడు చేలలో ఒకటి మునెమ్మది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఎకరన్నర చేను తనే చేసుకునేది. ఆ ఊళ్ళో ఇంటి భాష తెలుగు, బడి భాష, బజారు భాష కన్నడ. నేను తెనాలి వైపు వాణ్ణి. మొదటి రోజు "మునెమ్మ గారూ, నమస్కారమండీ" అంటే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"నీ తెలుగు రేడియోలో వచ్చేదాని మాదిరి ఉండాదప్పా. గారు గీరు వద్దు. అక్కా అను చాలు."

పక్క చేల రైతులిద్దరూ ఒట్టి రాగి వేసేవారు. మునెమ్మక్క పాత పద్ధతిలో, ఆరేడు సాళ్ళ రాగికి ఒక సాలు అనప చిక్కుడు వేసేది. మేము ఆ చేనును ఎంచుకున్నది ఆ అనప సాళ్ళ కోసమే. ఎరువు మాత్రం ముగ్గురిదీ ఒకటే: దుక్కిలో పశువుల ఎరువు, నెలరోజుల పైరు మీద వాన చూసుకుని యూరియా. యూరియా చల్లగానే వాళ్ళు నాకు ఫోన్ చేయాలి. నేను మర్నాడు పొద్దున వెళ్ళి కొలవాలి. వాయువు ఎక్కువగా లేచేది ఆ వారం పది రోజుల్లోనే.

అంతకుముందు పనిచేసిన ఊళ్ళో నా రింగుల్ని అందరూ చెత్తబుట్టల్లా వాడుకున్నారు. బీడీ ముక్కలు, రాళ్ళు, ఒకసారి సగం తిన్న జామకాయ. అందుకని ఇక్కడ మొదటి రోజే ముగ్గురు రైతుల్నీ నిలబెట్టి గట్టిగా చెప్పాను. నేను చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి: "ఈ రింగులో ఏమీ పడకూడదు. కోడి దూరకూడదు, రాయి పడకూడదు, చెయ్యి పెట్టకూడదు. పంట అయ్యేదాకా ఇది మాది."

ఇద్దరు రైతులు తలూపి వెళ్ళిపోయారు. మునెమ్మక్క రింగు వైపు చూసి, "ఇది ఏమి పట్టేదానికప్పా?" అని అడిగింది. నవ్వు వాయువు గురించి చెప్పాను. ఆమెకు భలే నచ్చింది.

"నా చేను నవ్వుతాదా?"

"నవ్వుతుందో లేదో చూడ్డానికే వచ్చాను."

ఆ ఏడాది అక్టోబరులో ఆయుధపూజ మర్నాడు వెళ్తే ఎనిమిది రింగులకూ పసుపు, కుంకుమ బొట్లు, మీద ఒక్కో చేమంతి పువ్వు. కొడవలికి, పారకు, నాగలికి పెట్టినట్టే వాటికీ పెట్టింది. పువ్వులు తీసి జేబులో వేసుకుని, బొట్లు అలాగే ఉంచి కొలిచాను. నోట్‌బుక్కులో "రింగుల అంచున కుంకుమ, లోపల లేదు" అని కూడా రాశాను. అంత జాగ్రత్త నాది.

ఫలితాలు వచ్చాయి. యూరియా చల్లిన మర్నాటి నుంచి రెండు పక్క చేలలోనూ అంకె మెట్లెక్కినట్టు లేచింది. మునెమ్మక్క చేలో గీత నేల మీద పడుకుంది. ఒక్క రింగులో కాదు, ఎనిమిదింటిలోనూ. రెండో ఏడాదీ అంతే.

మా మేడమ్ ప్రాజెక్టుకు పెద్ద. మదనపల్లి ఆవిడ, బెంగళూరులో ముప్పై ఏళ్ళుగా మట్టి మీద పనిచేస్తోంది, మరో ఏడాదిలో రిటైర్ కావాలి. ఆ గీతను చూసి ఆవిడ వెంటనే సంతోషపడలేదు. "ఎందుకు?" అంది. నాకు ఇష్టమైన ప్రశ్న అది. లిస్టు రాశాను.

ఒకటి, ఆ చేను ఇసుక నేలై, నీళ్ళు తొందరగా దిగిపోతూ ఉండాలి. మూడు చేల మట్టినీ గాజు సీసాల్లో నీళ్ళతో కలిపి పేరనిచ్చాను. మూడూ ఒకేలా పేరుకున్నాయి. రెండు, నా డబ్బాలు కారుతూ ఉండాలి. పక్క చేలో వాడే మూతల్ని ఇక్కడికి, ఇక్కడివి అక్కడికి మార్చాను. పక్క చేను మళ్ళీ పలికింది, ఇది మళ్ళీ పలకలేదు. మూడు, అనప సాళ్ళు ఏదో చేస్తూ ఉండాలి. వేళ్ళు యూరియాను ముందే లాగేసుకుంటున్నాయేమో, నీడకు మట్టి చల్లబడుతోందేమో. దీన్ని పరీక్షించే మార్గం నాకు దొరకలేదు. మొదటి రెండూ పోయాయి కాబట్టి మిగిలింది ఇదే అనుకున్నాం.

ఇక్కడ మీరు ఆగి ఒకటి గమనించాలి. లిస్టులో రెండు కొట్టేస్తే మూడోది నిజమైపోదు. లిస్టు రాసినవాడికి తట్టనిది నాలుగోదిగా ఎక్కడో కూర్చుని ఉంటుంది. ఆ వయసులో నాకు ఇది తెలియదు.

మేడమ్ తన చివరి రిపోర్టు రాయడం మొదలుపెట్టింది. రాగిలో అనప సాళ్ళు వేస్తే యూరియా మామూలుగా చల్లినా వాయువు పెద్దగా లేవదన్నది అందులో ముఖ్యమైన మాట. అది చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సిఫారసుగా వెళ్తుంది. అనప మానేసినవాళ్ళు మళ్ళీ వేస్తారు. మునెమ్మక్క చేను గట్టున పెట్టడానికి "ఆదర్శ క్షేత్రం" అని ఆమె పేరుతో రేకు బోర్డు కూడా తయారైంది. నేనే తీసుకెళ్ళి పాతాను. ఆమె చీర కొంగుతో దాన్ని తుడిచి, దారిన పోయే వాళ్ళకు వినబడేలా చదివించుకుంది.

ఎనిమిది మూతలు

రిపోర్టు అట్ట మీదికి ఒక ఫోటో కావాలని మేడమ్ అడిగింది. మునెమ్మక్క చేలో యూరియా చల్లుతున్న ఫోటో. అది మూడో ఏడాది పైరు. వాన పడింది, ఆ మధ్యాహ్నం చల్లుతున్నానని ఆమె ఫోన్ చేసింది. ఎప్పుడూ మర్నాడు వెళ్ళేవాణ్ణి, ఆ ఒక్కసారి అదే రోజు వెళ్ళాను.

గట్టెక్కి చేను చూసి నిలబడిపోయాను. పచ్చటి రాగిలో ఎనిమిది చోట్ల ఎనిమిది సామాన్లు బోర్లించి ఉన్నాయి. లెక్కపెట్టాను, అలవాటు కదా: రెండు చేటలు, ఒక వెదురు బుట్ట, ఒక తట్ట, ఒక స్టీలు పళ్ళెం, ఒక సత్తు గిన్నె, కుక్కరు మూత, పెయింటు డబ్బా మూత. ప్రతి దాని కిందా నా రింగు.

మునెమ్మక్క ఇంకా చల్లడం మొదలుపెట్టలేదు. ఒడిలో యూరియా పోసుకుంటోంది.

"ఏమప్పా, ఫోటో అంటే ఇప్పుడేనా? చెప్పింటే చీర మార్చుకుంటా ఉంటిని."

"అక్కా, ఇవేంటి?"

"ఏవి? అవా? నీ సామాన్లే. మూసి పెట్టినా."

"ఎందుకు?"

"ఎందుకేమప్పా! నువ్వే కదా చెప్పింది, రింగులో ఏమీ పడకూడదని. కోడి పడకూడదు, రాయి పడకూడదు అని అన్నీ చెప్పి, యూరియా పడొచ్చు అని చెప్పినావా?"

నేను వంగి దగ్గర్లోని చేట ఎత్తి చూసి మళ్ళీ పెట్టాను.

"మొదటి యేడు పక్కన తప్పించి చల్లితిని. ఎంత తప్పించినా రెండు గింజలు ఎగిరి పడతా ఉండె. పూజ చేసిన సామాను, నువ్వు వేరే ఇది మాది అని చెప్పినావు. మనసు ఒప్పలేదు. అందుకే పోయినేడు నుంచి మూసేస్తా ఉండాను. చల్లినాంక తీసేస్తా. ఏల, కుక్కరు మూత పెట్టకూడదా? అది కడిగే పెట్టినా."

మిగతా ఇద్దరు రైతులకూ నేను అదే మాట అదే గొంతుతో చెప్పాను. వాళ్ళు నా మాట పట్టించుకోకుండా రింగుల మీదుగా చల్లుకుంటూ పోయారు. అందుకే వాళ్ళ చేలలో కొలత సరిగా వచ్చింది. నా మాట అక్షరాలా విన్న ఒక్క మనిషి చేలో రెండేళ్ళ కొలత పోయింది. రింగులు సాళ్ళ మధ్య ఉంటాయి, లోపల మొక్క ఉండదు, కాబట్టి పైరు చూసి పట్టుకునే వీల్లేదు. తడి నేల మీద చల్లిన యూరియా తెల్లారేసరికి కరిగిపోతుంది, కాబట్టి మర్నాడు గింజలు కనబడలేదన్న అనుమానం రాలేదు. ఇవన్నీ సాకులు. ఒక్కసారి చల్లే రోజున వచ్చి ఉంటే తెలిసేది.

"అక్కా, ఈసారికి మూతలు తీసి చల్లండి. రింగుల్లో కూడా పడాలి. చేలో ఎంత పడుతుందో అంతే."

ఆమె నా మొహం చూసింది. ఒక్కొక్క సామానూ తీసి గట్టు మీద పేర్చి, చల్లడం మొదలుపెట్టింది. ఫోటో తీశాను. ఆ ఫోటో ఏ అట్ట మీదా రాలేదు.

మేడమ్ గది

జీపు కె.ఆర్.పురం వంతెన దగ్గర ట్రాఫిక్‌లో గంటసేపు ఆగింది. మనసులో లిస్టు తయారైంది. మొదటి దారి, ఏమీ చెప్పకపోవడం. రిపోర్టు వెళ్ళిపోతుంది, అనప వేస్తే ఎవరికీ నష్టం లేదు, పైగా మంచి పంట. రెండో దారి, ఈ ఏడాది కొలతలు "తేడాగా వచ్చాయి" అని మాత్రమే చెప్పడం. మూడోది నిజం. మర్నాడు పొద్దున వెళ్ళి మామూలుగా కొలిచి, సీసాలతో మధ్యాహ్నానికి ల్యాబుకు వచ్చి, అప్పుడు మూడో దారి పట్టాను. ఒక రోజు ఆలస్యం. దాన్ని కూడా తప్పుగానే రాస్తున్నాను.

మేడమ్ టీ కప్పు పక్కన పెట్టి అంతా విన్నది.

"ఎనిమిదీనా?"

"ఎనిమిదీ, మేడమ్."

"రెండు సీజన్లూ?"

"అవును మేడమ్. మొదటి ఏడు తప్పించి చల్లింది. రెండో ఏడు మూసి చల్లింది."

"మూతలేంటివి?"

చెప్పాను. కుక్కరు మూత దగ్గర ఆవిడ పెదవులు కదిలాయి. నవ్వు కాదు.

"నువ్వు రోజూ నింపే ఫార్మాట్‌లో, ఎరువు రింగులో పడిందా లేదా అన్న కాలమ్ ఉందా?"

"లేదు మేడమ్."

"గాలి వేగం ఉంది, మబ్బు ఉంది, కుంకుమ కూడా రాశావు. అది లేదు. ఆ ఫార్మాట్ తయారుచేసింది నేను. ముప్పై ఏళ్ళుగా వాడుతున్నాను" అంది.

ఆవిడను అలా చూడలేక, దారిలో తట్టిన తెలివైన ఆలోచన చెప్పాను. ఏ ప్రయోగంలోనైనా కంట్రోల్ ఉండాలి. అంటే ఎరువు వేయని చోటు ఒకటి, పోల్చడానికి. మా ప్రాజెక్టులో అది లేదు, ఎందుకంటే ఏ రైతూ చేలో కొంత భాగాన్ని ఎరువు లేకుండా వదలడానికి ఒప్పుకోలేదు. "మేడమ్, మునెమ్మక్క రింగులే మనకు కంట్రోల్ అనుకోవచ్చు కదా? రెండేళ్ళ డేటా వృథా పోదు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ముందే అనుకుని వదిలింది కంట్రోల్. తరవాత పేరు పెట్టుకుంటే సాకు. మొదటి ఏడు ఎన్ని గింజలు పడ్డాయో నీకు తెలీదు, నాకూ తెలీదు. ఆ పేజీలు తీసేద్దాం."

నలభై పేజీల రిపోర్టులో పదకొండు పేజీలు పోయాయి. మిగిలినదాంట్లో కొత్త సంగతి ఏమీ లేదు. ఆవిడ దానితోనే రిటైరైంది. నా పై అధికారుల్లో ఆవిడకంటే తెలివైనవాళ్ళు ఉన్నారు. నాకు మిగిలిన కొలబద్ద మాత్రం ఆ పదకొండు పేజీలే. ఆవిడ మీద నాకున్న ఒకే ఫిర్యాదు, ఆ రోజు నన్ను తిట్టకపోవడం. తిట్టి ఉంటే తేలికయ్యేది.

లేవబోతుంటే, "మునెమ్మకి నువ్వే చెప్పాలి. ఫోన్‌లో కాదు" అంది.

ఆమె చేను

నాలుగు రోజులకు ఫలితాలు వచ్చాయి. మూతలు తీసి చల్లిన మునెమ్మక్క చేను, పక్క చేలలాగే పలికింది. అనప సాళ్ళ వల్ల తేడా ఏదైనా ఉంటే, మా కొలతకు దొరకనంత చిన్నది.

నేను వెళ్ళేసరికి ఆమె గట్టున కూర్చుని గడ్డి కొడవలి నూరుకుంటోంది. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నేను ఏం చెప్పకుండా వదిలేశానో, దానివల్ల ఏమైందో.

ఆమె నూరడం ఆపలేదు. "అంటే, రెండేండ్లు నా చేను నవ్వలేదని మీరంతా సంబరపడింది, దానికి ఎవరూ కితకితలు పెట్టలేదనా?"

"అంతే అక్కా."

"నేను తప్పు చేసినానా?"

"లేదు. మీరు నేను చెప్పిందే చేశారు. చెప్పడంలో తప్పు నాది."

"మరి ఈ బోర్డు?"

ఆమె లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. కొంగుతో తుడవలేదు ఈసారి. "ఊళ్ళో ఒకరిద్దరు అంటానే ఉండ్రి, మునెమ్మ చేలో ఏముండాది స్పెషలు, మన్ను మన్నే కదా అని. వాళ్ళే నిజమయిరి." కొడవలి నడుముకు దోపుకుంది. "పక్క చేను మాదిరే నాదీ అని రాసుకుపో. ఉండేది ఉన్నట్టు రాయి. బోర్డు మాత్రం ఇచ్చిపో, కోళ్ళ గూటికి కప్పు కారతా ఉండాది."

బోర్డు పీకి ఇచ్చాను. ఆమె పేరున్న వైపు లోపలికి తిప్పి గూటి మీద వేసింది. నేను జీపెక్కుతుంటే వెనకనుంచి అడిగింది:

"ఇంకొకటి చెప్పు. యూరియా వేయకుంటే మన్ను నవ్వనే నవ్వదా, లేకుంటే కొంచెమన్నా నవ్వుతాదా?"

"కొంచెం నవ్వుతుంది అక్కా. మట్టిలో ముందే ఉన్నదాంతో. మీ చేలో ఎంతో నాకు తెలీదు."

"రెండేండ్లు కొలిస్తివే, తెలీదా?"

"సరిగా కొలవలేదు."

"ఊఁ" అంది, అంతే.

ఆ శీతాకాలమంతా నేను ఫార్మాట్ మార్చడంలో పడ్డాను. కొత్త కాలమ్ పెట్టాను. చల్లే రోజున ఎవరో ఒకరు చేలోనే ఉండాలని రూలు రాశాను. రైతులకు చెప్పే మాటల్లో "ఏమీ పడకూడదు" కొట్టేసి, "మీరు చేలో ఏం చేస్తారో రింగులో కూడా అదే చేయండి" అని పెట్టాను. మీ ప్రోటోకాల్ పుస్తకంలో అది ఇప్పుడు మూడో పేజీలో ఉంది. ఎలా వచ్చిందో అందులో లేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో వాన పడింది. నా రూలు ప్రకారం చల్లే రోజునే వెళ్ళాలి. జీపు బ్రేకు పోయి, హొసకోట దగ్గర ఆగి, చేరేసరికి సాయంత్రం నాలుగయింది. ఆమె అప్పటికే చల్లడం ముగించి చేతులు కడుక్కుంటోంది. చేను వైపు చూశాను. ఏడు రింగులు తెరిచి ఉన్నాయి, లోపల తెల్లటి గింజలు కనబడుతున్నాయి. అయిదో నంబరు మీద మాత్రం చేట బోర్లించి ఉంది.

"అక్కా! ఏమీ మూయొద్దని అంతగా చెప్పాను కదా!"

"అరవొద్దప్పా, ఇను. ఆ దినం నేను అడిగితే తెలీదంటివి. తెలీకుంటే ఎట్ల? అందుకే ఒకదాన్ని ఇడిసినా. ఒక్క గింజ పడకుండా మూసి, చుట్టూ మూరెడు జాగా కూడా ఇడిసి చల్లినా. ఏడు నవ్వుతాయి, ఇది ఎంత నవ్వుతాదో చూద్దాము. ముందు మాదిరి కాదు, ఈ తూరి నేను కావాలనే ఇడిసినా. రాసుకో."

కంట్రోల్ గురించి మేడమ్ ఆ గదిలో చెప్పిన మాట మునెమ్మక్కకు ఎవరూ చెప్పలేదు. నేను అసలే చెప్పలేదు.

నోట్‌బుక్కు తీసి రాసుకున్నాను: అయిదో రింగు, ఎరువు లేదు, ముందే నిర్ణయించి వదిలినది, నిర్ణయించినది రైతు. మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాను. ఆమె గట్టున కాదు, నా పక్కనే సాలులో గొంతుకూర్చుంది. చెప్పకుండానే మొహం పక్కకు తిప్పి ఊపిరి బిగబట్టింది. నేను మోకాళ్ళ మీద వంగి, చేట తీసి ఆమె చేతికిచ్చి, అయిదో రింగు మీద డబ్బా బోర్లించి, రంగప్ప వాచీ చూశాను.

సున్నా నిమిషం.